పోపులడబ్బా వెనకాల డబ్బా

మీ వంటింట్లో పోపులడబ్బా ఎక్కడుంటుంది? పొయ్యి పక్కనే, చేతికందే చోట కదూ! మరి దాని వెనకాల ఉండే రెండో డబ్బా సంగతేమిటి? అదేనండీ, శ్రీవారికి తెలియనిది, అత్తగారికి తెలిసినా తెలియనట్టుండేది. కొందరికది కందిపప్పు డబ్బా అడుగున ఉంటుంది, కొందరికి పెళ్ళినాటి పట్టుచీర మడతలో. కూరల డబ్బుల్లో మిగిలిన పది, పాలవాడి లెక్కలో తగ్గిన ఇరవై, పుట్టింటికెళ్ళినప్పుడు నాన్న చేతిలో పెట్టిన ఐదువందలు... ఇలా చేరుతూ ఉంటాయి. ఎందుకంటే చెప్పలేం. ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుందని మాత్రం తెలుసు.

2016 నవంబరు 8 రాత్రి ఈ రెండో డబ్బాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఆ అర్ధరాత్రి నుంచి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రధానమంత్రి టీవీలో చెప్పారు. మర్నాడు ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు తలవంచుకుని భర్త ముందు నోట్లు పెట్టారో! "ఇంత డబ్బు నీకెక్కడిది?" అని అడిగినవాళ్ళు కొందరు, "పోన్లే, ఇంటికే కదా" అన్నవాళ్ళు కొందరు. బ్యాంకులో వేసిన తర్వాత ఆ డబ్బు మళ్ళీ ఆవిడ చేతికి రాని ఇళ్ళూ ఉన్నాయి.

అది దొంగసొమ్మా? కాదు. ఆ రోజుల్లో గృహిణులు రెండున్నర లక్షల లోపు జమ చేసుకున్న డబ్బుని లెక్కచూపని ఆదాయంగా పరిగణించరాదని 2021లో ఆగ్రాలోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ కూడా చెప్పింది. ఇల్లాలు ఇంటిఖర్చులోంచి మిగుల్చుకునేది ఆవిడ కష్టార్జితమేనని మనకి తెలిసిన సంగతే. ఆ మాట కాగితం మీదకి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందంతే.

అసలు బెంగ అది కాదు. ఆ డబ్బాలు మళ్ళీ నిండలేదు. ఎందుకు నిండలేదో ఆలోచించారా?

చిల్లర ఏమైపోయింది?

ఒక కారణం చాలా చిన్నది. ఇదివరకు కూరల బండి దగ్గర వంద నోటిస్తే ఎనభై రెండు పోగా పద్దెనిమిది చేతికొచ్చేది. ఆ పద్దెనిమిదే డబ్బాలో పడేది. ఇప్పుడు బండివాడు కూడా ఫోన్ బొమ్మ అంటించుకున్నాడు. ఎనభై రెండంటే ఎనభై రెండే వెళ్తుంది. చిల్లర రాదు, కాబట్టి మిగలదు. సౌకర్యం కాదని ఎవరంటారు? కానీ మన పొదుపంతా ఆ చిల్లర మీదే నడిచేదన్న సంగతి అది పోయాక గాని తెలిసిరాలేదు.

రెండో కారణం పెద్దది. మా రావికమతం వైపు పరిస్థితి చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది.

చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా మా చుట్టుపక్కల బతుకు లెక్క చాలాకాలం చెరకు లెక్కే. చెరకు గోవాడ ఫ్యాక్టరీకి తోలితే బిల్లు వచ్చేది, బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకి తోలితే దిమ్మల డబ్బు వచ్చేది. ఎలా వచ్చినా ఏడాదికి ఒక్క విడతే. అదీ అనుకున్న నెలలో వస్తుందన్న నమ్మకం లేదు. బిల్లు ఆలస్యమైన ఏడు పెళ్ళిళ్ళు వాయిదా పడేవి.

మరి మిగతా నెలలు ఎలా గడిచేవి? మా పెద్దవాళ్ళు బిల్లు డబ్బు రాగానే ముందు వాటాలు వేసేవారు. ఎరువుల షాపు బాకీకింత, తిండిగింజలకింత, పండక్కింత, ఇంట్లో రోగం రొష్టు వస్తే అని ఇంత. ఆ ఆఖరి వాటా ముడి మాత్రం ఎవరూ విప్పకూడదు. ఇంత చేశాక మిగిలితే గాజులో, ఇత్తడి బిందో. మిగలకపోతే "వచ్చే ఏడు చూద్దాం" అనేవారు. వాళ్ళు పొదుపు గురించి పుస్తకాలు చదవలేదు. డబ్బు ముందు, వస్తువు తర్వాత. ఇదొక్కటే వాళ్ళకి తెలిసిన వరస.

ఇప్పుడు ఆ వరస తిరగబడింది. వస్తువు ముందు ఇంటికొస్తుంది. డబ్బు తర్వాత నెలనెలా వెళ్తుంది. ముడి వేయడానికి ఆఖరి వాటా అంటూ లేకుండా పోయింది.

"నెలకి ఇంతేనమ్మా!"

మా పక్కింటావిడ కిందటి సంక్రాంతి ముందు ఒకరోజు పరుగున వచ్చింది. "వదినా, ఫ్రిజ్ తెచ్చేద్దామనుకుంటన్నాం. డబ్బులు కట్టక్కర్లేదట. నెలకి రెండువేలేనట. వడ్డీ కూడా లేదట!"

నేను కాగితం, పెన్సిలు తీశాను. "ఏటి వదినా, నీకన్నీ లెక్కలేనా?" అని నవ్వింది. మీరూ నవ్వుకోండి గాని, ఈ లెక్క ఒక్కసారి చూడండి.

ఫ్రిజ్ ధర 24,000. పన్నెండు నెలలు, నెలకి 2,000. వడ్డీ సున్నా. బాగానే ఉంది. ఆవిడనే మళ్ళీ షాపుకి పంపాను, "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడిగి రమ్మని. కాసేపు బేరమాడితే 22,500 అన్నారు. వాయిదాల మీద తీసుకుంటే ఆ పదిహేనువందల తగ్గింపు లేదు, పైగా కాగితాల ఖర్చని ఇంకో 600 ముందే కట్టాలి. అంటే సున్నా వడ్డీకి మనం ఇచ్చేది 2,100 రూపాయలు! నెలనెలా అప్పు తీరుతూ వస్తుంది కాబట్టి సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి నూటికి 17 రూపాయల వడ్డీ అన్నమాట.

ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. సున్నా వడ్డీ అనేదే లేదని, అది ఏదో ఒక రుసుము రూపంలో దాక్కుని ఉంటుందని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి రాసింది. అయినా పండగ వచ్చిందంటే చాలు, ఆ సున్నా పేపరు సగం పేజీ అంత పెద్దగా కనిపిస్తుంది.

షాపువాళ్ళ తెలివంతా ఎక్కడుందో గమనించారా? వాళ్ళు 24,000 అనే మాట ఎత్తరు. "నెలకి రెండువేలేనమ్మా" అంటారు. ఫోనుకి "నెలకి పన్నెండువందలే" అంటారు. మిక్సీకి "ఆరువందలే". ఒక్కోదాన్ని విడిగా చూస్తే ఎంతో తేలిక. నాలుగు కలిసిన నెలలో తెలుస్తుంది బరువు. అందుకని వాయిదా మాట వినిపించినప్పుడల్లా ఆ వస్తువుని మన ఇంటి కష్టంలోకి మార్చి చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పని రోజు కూలి 307 రూపాయలు. పదిహేనువేల ఫోనంటే 49 రోజులు ఎండలో మట్టి తవ్వడం. అప్పటి లెక్కన ఇంటికి ఏడాదికి వంద రోజుల పనంటే, దాదాపు సగం ఆ ఒక్క ఫోనుకే! చెరకు రైతు ఇల్లాలైతే టన్నుల్లో చూసుకోవచ్చు. జీతగాళ్ళ ఇల్లాలైతే రోజుల్లో చూసుకోవచ్చు. ఇలా చూశాక కూడా ఆ ఫోను కావాలనిపిస్తే నిక్షేపంగా కొనుక్కోండి. పిల్ల కాలేజీ చదువుకి కావలసి వస్తే తప్పేముంది?

కొనడమే పాపమన్నట్టు మాట్లాడే వ్యాసాలు నాకూ నచ్చవు. ఫ్రిజ్ లేకపోతే ఏమవుతుందని మగవాళ్ళు అనొచ్చు. వేసవిలో రోజుకి రెండుసార్లు పొయ్యి ముందు నిలబడేది మనం.

చీటీ పాటలో ఎవరికి లాభం?

"మాకు వాయిదాల గోల లేదండీ, మేం చీటీ వేస్తాం" అంటారా? మంచిదే. ఉత్తరాంధ్రలో చీటీ లేని వీధి ఉందా! కానీ చీటీ పొదుపా, అప్పా అంటే రెండూనూ. మీరు ఎన్నో నెలలో పాడారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇరవైమంది, నెలకి వెయ్యి చొప్పున ఇరవైవేల చీటీ అనుకుందాం. రెండో నెలలో ఒకావిడకి అవసరం పడి ఐదువేలు వదులుకుని పదిహేనువేలకి పాడింది. అందులో వెయ్యి చీటీ నడిపేవారికి పోతే, మిగిలిన నాలుగువేలు అందరికీ తలా రెండువందలు తగ్గుతాయి. ఆ నెలలో అందరూ ఎనిమిదివందలు కడితే చాలు. అందరం సంతోషిస్తాం. ఆ తర్వాత నెలలు సగటున తొమ్మిదివందలు పడతాయనుకుంటే, పాడినావిడ ఇంకా పద్దెనిమిది నెలలు కట్టాలి. అంటే 16,200. అంతకు ముందు కట్టిన పద్దెనిమిదివందలు తీసేస్తే ఆవిడ నిజంగా తీసుకున్న అప్పు 13,200. లెక్క కడితే నూటికి నెలకి రెండుంబావలా వడ్డీ పడుతుంది! ఊళ్ళో వడ్డీకిచ్చేవారి దగ్గర మూడు, ఐదు ఇచ్చేకన్నా నయమేననుకోండి. కానీ "నా డబ్బే నేను తీసుకున్నాను" అనుకోవడం మాత్రం పొరపాటు.

మరి ఆఖరున ఎత్తుకునేవాళ్ళ సంగతి? ఇరవై నెలల్లో సుమారు పద్దెనిమిదివేలు కట్టి పందొమ్మిదివేలు తీసుకుంటారు. లాభం వెయ్యి. అదే తొమ్మిదివందలు నెలనెలా ఆరున్నర శాతం వడ్డీ ఇచ్చే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేసినా ఇరవై నెలలకి వడ్డీ వెయ్యి పైచిలుకే వస్తుంది. తేడా అల్లా చీటీ మధ్యలో ఆగిపోతే బ్యాంకు మీ ఇంటికొచ్చి సర్దిచెప్పదు. చీటీ నడిపే వదిన మాత్రం ఏడుస్తూ వస్తుంది, లేదా అసలే రాదు.

కాబట్టి చీటీ వేస్తే రిజిస్టరైన చోటే వేయండి. చీటీలకి 1982 నుంచి కేంద్ర చట్టం ఉంది. నిర్వాహకుల కమీషను 5 శాతం మించకూడదని అప్పట్లో పెట్టారు, 2019లో దాన్ని 7 శాతం చేశారు. మీ చీటీలో ఎంత తీసుకుంటున్నారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మొహమాటం ఖరీదు ఎంతో కింద చెబుతాను.

పక్కింటివాళ్ళని నమ్మి

అగ్రిగోల్డ్ పేరు వినని ఇల్లు మన రాష్ట్రంలో తక్కువ. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన కంపెనీ. వాయిదాలు కట్టండి, స్థలమో, పొలమో, లేదంటే వడ్డీతో డబ్బో ఇస్తామని నమ్మించి, మన రాష్ట్రంలోనే కాక పక్క రాష్ట్రాల్లో కూడా కలిపి దాదాపు 32 లక్షలమంది దగ్గర డబ్బు వసూలు చేసింది. 2014 వచ్చేసరికి చెల్లింపులు ఆగిపోయాయి. కేసులు, జప్తులు, వేలాలు, కోర్టులు... పదివేల లోపు కట్టినవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులోను, ఇరవైవేల లోపు వాళ్ళకి 2021 ఆగస్టులోను డబ్బిచ్చింది. పిల్లల పెళ్ళిళ్ళకని లక్షలు కట్టినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అంతమంది ఎలా నమ్మారండీ? ఎవరో కోటు వేసుకున్నాయన పట్నం నుంచి వచ్చి అడిగితే మనం ఇచ్చేవాళ్ళం కాదు. అడిగింది మన బడిపంతులు, మన తోడికోడలి తమ్ముడు, మన వీధిలో టైలరింగు చేసే అమ్మాయి. వాళ్ళే ఏజెంట్లు. "నేనూ కట్టాను పిన్నీ" అన్నారు, నిజంగానే కట్టారు. మునిగినప్పుడు వాళ్ళూ మునిగారు. పైగా ఊళ్ళో తలెత్తుకోలేక, అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేక నలిగిపోయారు. అందుకే మోసం అనగానే దొంగ మొహం కోసం వెతకకండి. వచ్చే మొహం మనకి తెలిసినదే అయి ఉంటుంది.

రెండు ప్రశ్నలు చాలు. ఈ డబ్బుకి బాధ్యత ఎవరిది? రేపు కావాలంటే ఎంత నష్టంతో ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది? పోస్టాఫీసులో వేస్తే బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది. బ్యాంకులో వేస్తే, 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో ఐదులక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. అంతకుముందు లక్షే ఉండేది. పోస్టాఫీసు ఐదేళ్ళ రికరింగ్ డిపాజిట్ నెలకి వంద రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు. ఆడపిల్ల ఉంటే పదేళ్ళు నిండేలోగా సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. 2015లో వచ్చింది, ఏడాదికి కనీసం 250 రూపాయలు. కాకపోతే ఆ డబ్బు పెద్ద చదువుకో, పెళ్ళికో తప్ప మధ్యలో కదపనివ్వరు. నన్నడిగితే అదే దాని సుగుణం!

గ్రూపు డబ్బు

గ్రూపు సంగతి చెప్పకుండా పొదుపు మాట పూర్తికాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. అలా మిగిలిన కూలి డబ్బులోంచి రోజుకి ఒక్క రూపాయి దాచుకుందామని నెల్లూరు మహిళలు మొదలుపెట్టిందే పొదుపులక్ష్మి. రోజుకి రూపాయి! ఆ రూపాయి ఎక్కడిది? మగవాడి సారా సీసాలోంచి లాక్కున్నది. ఈ ముక్క నాకెప్పుడూ మరపు రాదు.

ఎందుకంటే, పొదుపు అనగానే మన ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేవి మన చీరలు, మన గాజులు, మన కూరల సంచి. శ్రీవారి సిగరెట్లు, ఆదివారం సాయంత్రాలు, స్నేహితులకిచ్చిన చేబదుళ్ళు ఆ పద్దులోకి రావు. ఒక నెల మీ ఇంట్లో అందరి ఖర్చూ ఒకే పుస్తకంలో రాసి చూడండి. గొడవ పడమనడం లేదు. పుస్తకం టీవీ పక్కన పెట్టండి, చాలు. అదే మాట్లాడుతుంది.

రూపాయితో మొదలైన గ్రూపులకి తర్వాత బ్యాంకులు లక్షల్లో అప్పులివ్వసాగాయి. ఆ వెనకే సూక్ష్మరుణాల కంపెనీలు ఊళ్ళలోకి దిగాయి. సంతకం పెట్టిన వారంలోనే డబ్బు, ప్రతి వారం వాయిదా. ఒకరి వాయిదా కట్టడానికి మరొకరి దగ్గర అప్పు. ఒకే ఇల్లాలు మూడు నాలుగు చోట్ల బాకీ పడి, వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాళ్ళని కట్టడి చేసింది. పదేళ్ళు తిరిగేసరికి అదే కథ ఫోన్లోకి వచ్చింది. ఐదు నిమిషాల్లో అప్పు అంటారు. ముందు మన ఫోన్లోని పేర్లన్నీ, ఫోటోలన్నీ లాక్కుంటారు. ఆలస్యమైతే బంధువులకి ఫోన్లు చేసి పరువు తీస్తారు. అలాంటి యాప్ జోలికే పోకండి. మీ పిల్లలు ఇప్పటికే చిక్కుకుని ఉంటే తిట్టకండి. ఆ వయసులో వాళ్ళకి భయం అప్పు గురించి కాదు, ఇంట్లో తెలుస్తుందని. ముందు 1930కి ఫోన్ చేయించండి.

గ్రూపు అప్పు దేనికి తీసుకుంటున్నామో కూడా ఒకసారి చూసుకోవాలి. గేదెకి తీసుకున్న అప్పుని గేదే తీరుస్తుంది. కుట్టుమిషనుకి తీసుకున్నది జాకెట్లు తీరుస్తాయి. టీవీకి తీసుకున్నది ఎవరు తీరుస్తారు? కూరల సంచి తీరుస్తుంది.

ఇక వంటింట్లో...

ఇక్కడ మీకు నేను చెప్పేదేముంది! ఒకటి రెండు మాటలంతే.

చిన్న ప్యాకెట్టు ఎప్పుడూ ఖరీదు, పెద్దది ఎప్పుడూ చవక అనుకోకండి. షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మడం తమిళనాడులో మొదలైంది. 1983లో చిక్ షాంపూ వచ్చాక అది పల్లెపల్లెకీ పాకింది. ఆ పోటీవల్ల కొన్ని షాంపూలు ఇప్పటికీ సీసాకన్నా చిన్న ప్యాకెట్లోనే చవక పడతాయి. కాఫీపొడి, నూనె అలా కాకపోవచ్చు. ప్యాకెట్టు తిప్పి చూడండి. గ్రాముకి ఎంత పడుతుందో ఇప్పుడు చాలావాటి మీద అచ్చువేస్తున్నారు. బిస్కట్ల ప్యాకెట్టు అదే ఐదు రూపాయలు కదా అని సంతోషించేముందు బరువు చదవండి. ధర కదలకుండా బిస్కట్లే తగ్గుతుంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, తలనూనెల మీద జి.ఎస్.టి. 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గిన డబ్బులతోనే మరో సబ్బు కొనిపించే ప్రకటనలూ వెంటనే వచ్చాయనుకోండి!

బీరకాయ చెక్కు పారేయకండి. లేతదైతే చెక్కుని సన్నగా తరిగి, చెంచా నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించండి. విడిగా మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి వేయించుకుని, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే, అసలు కూరకన్నా ముందు ఆ పచ్చడి గిన్నె ఖాళీ అవుతుంది. ఇక మా వైపు చోడి అంబలి! పట్నంలో రాగి జావ అని పేరు మార్చి గ్లాసుల్లో అమ్ముతున్నారు. రాత్రి చోడిపిండి నీళ్ళల్లో కలిపి పులియబెట్టి, పొద్దున్నే మరుగుతున్న నీళ్ళల్లో ఉండ కట్టకుండా పోసి ఉడికించి, కాస్త అన్నం, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలపండి. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. డబ్బాల్లో వచ్చే బలం పొడుల ధర చూసినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇంట్లో బొంగరాల్లాంటి పాత బల్బులింకా ఉంటే ముందు అవి మార్చండి. 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టి రోజుకి ఐదు గంటలు వెలిగిస్తే నెలకి ఒక్కోదానికి ఏడున్నర యూనిట్లు మిగులుతాయి.

ఇంట్లో సరుకు నిలవ ఉండటం ఎంత మేలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర ఇల్లాళ్ళందరికీ తెలిసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఎ.టి.ఎం.లు పనిచేయలేదు, పట్నంలో పాలప్యాకెట్టు చెప్పిందే ధర. ఆవకాయ జాడీ, బియ్యం, పప్పు, లాంతరు, చేతిలో కాస్త చిల్లర నోట్లు ఉన్న ఇల్లు గడిచింది. అందుకే అంతా ఫోన్లోనే ఉంచుకోకుండా, వారంరోజులకి సరిపడా రొక్కం ఇంట్లో పెట్టుకోమని నేను ఇప్పటికీ చెబుతాను. రెండో డబ్బాకి ఆ పని అప్పగించండి. మిగతాది మాత్రం మీ పేరుమీద, మీ సంతకంతో, పాసుపుస్తకంలో ఉండనివ్వండి. 2016 లాంటి రాత్రి మళ్ళీ వచ్చినా ఎవరి ముందూ తలవంచుకునే పని లేకుండా.

ఇంతకీ మా పక్కింటావిడ ఫ్రిజ్ ఏమైంది అంటారా? ఆ రోజు కాగితం మీద లెక్క చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "అయితే ఇంక ఎప్పటికీ కొనకూడదేటి వదినా?" అంది. "కొను. ఆ రెండువేలూ షాపువాడికి కాకుండా నీకు నువ్వే కట్టుకో" అన్నాను. నమ్మలేదు గాని, మొదలుపెట్టింది. ఫోన్లోంచి కదిలిపోతాయని ఆవిడకి తెలుసు, అందుకే బ్యాంకులో విడిగా ఖాతా తెరిచి, జీతం పడ్డ రోజునే వెళ్ళి వేసేది. ఎనిమిది నెలలకి పదహారువేలయ్యాయి. ఇంతలో వాళ్ళ అత్తగారికి కంట్లో శుక్లం ఆపరేషను, కళ్ళజోడు, రానూపోనూ బండి ఖర్చులు కలిపి ఐదువేలు అందులోంచే పోయాయి.

వాయిదాల మీద ఫ్రిజ్ తెచ్చి ఉంటే ఆ ఐదువేలు ఎక్కడినుంచి తెచ్చేవారో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఫ్రిజ్ ఇంకా రాలేదు. మట్టికుండలో నీళ్ళే తాగుతున్నారు. పదకొండువేలు ఉన్నాయి, ఇంకో ఆరు నెలలు వేస్తే సరిపోతాయట. షాపుకెళ్ళి తలుపు రంగు మాత్రం ఇప్పటికే చూసొచ్చింది. ఎర్రది.